రెండోది

బొమ్మల కథ గడిలో ఇద్దరు అమ్మాయిలుండాలి. ఒకే మొహం, ఒకే జడ, ఒకే గౌను. ఎవరు మొదటిదో, ఎవరు రెండోదో పాఠకుడికి చూడగానే తెలియాలి. పిన్నింటి సన్యాసిరావుకి ఈ చిక్కు సీరియల్ మొదటి వారంలోనే ఎదురైంది. రెండో అమ్మాయి చెంప మీద పుట్టుమచ్చ పెట్టి చూశాడు. పత్రిక కాగితం మీద సిరా అలుక్కుని అది మసి మరకలా కనిపించింది. కళ్ళకి ఎరుపు వేద్దామంటే లోపలి పేజీలకి రంగు లేదు. చివరికి మాటతో పని జరుపుకున్నాడు. మొదటి అమ్మాయికి తార అని పేరు పెట్టాడు. రెండో అమ్మాయికి పేరు పెట్టలేదు. ఆ పిల్ల కనిపించిన ప్రతి గడి కిందా 'అది' అని రాశాడు.

అది తలుపు దగ్గర నిలబడింది. అది తార కంచంలో అన్నం తింటోంది. అది తారలాగే నవ్వింది.

ఇళ్ళలో కూతుళ్ళని తల్లులు అలాగే అంటారు. అది తిన్నదా, అది పడుకుందా అని అడుగుతారు. కుర్చీనీ, కత్తిపీటనీ కూడా అదే మాటతో అంటారు. ఆ రెండింటి మధ్య పాఠకులకి భయం పుట్టింది. 'రెండోది' బొమ్మల సీరియల్ రెండేళ్ళుగా వారపత్రికలో వస్తోంది. విశాఖపట్నంలో కరెంటు పోతే సందుల్లో పిల్లలు "అదొచ్చిందిరోయ్" అని అరిచేవారు.

సన్యాసిరావు గీసే మొహం అతని పెద్ద కూతురు వైదేహిది.

వైదేహి తొమ్మిదేళ్ళ వయసులో ఆస్పత్రిలో జ్వరంతో పోయింది. అతని భార్య ఇందుమతి ఆ ఆస్పత్రిలోనే ఫార్మసిస్టు. శవాన్ని ఇంటికి పంపే లోపల ఆమె భీమిలి రోడ్డులో కొండ మీదున్న అనుకృతి కేంద్రానికి ఫోన్ చేసింది. బిడ్డని పోగొట్టుకున్న తల్లిదండ్రులకి అచ్చం అలాంటి బిడ్డనే పుట్టించి ఇవ్వడానికి ప్రభుత్వం ఆ కేంద్రానికి అనుమతి ఇచ్చి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. కేంద్రం మనుషులు వచ్చి వైదేహి వేలిముద్రలూ, భుజం మీంచి పెసరగింజంత చర్మమూ తీసుకుపోయారు. అందులోని కణాల్లో ఒకదాని కేంద్రకాన్ని ఇందుమతి అండంలో పెట్టారు. ఆ బిడ్డని ఇందుమతే మోసి కన్నది.

పుట్టిన పిల్లకి వైదేహి అనే పెట్టాలని ఇందుమతి పట్టుబట్టింది. పోయిన బిడ్డ పేరు పెట్టకూడదని కేంద్రంలో నియమం. సన్యాసిరావు ఆలోచించి మైథిలి అన్నాడు. రెండూ సీత పేర్లే.

మైథిలికి ఏడేళ్ళు నిండాక ఒక సాయంత్రం లెక్కలు చేస్తూ జడ కొస నోట్లో పెట్టుకుంది. వైదేహికి ఆ అలవాటు ఉండేది. మైథిలికి ఎవరూ నేర్పలేదు. సన్యాసిరావు సీరియల్ మొదటి పేజీ గీసింది ఆ వారమే.

*

మైథిలికి తొమ్మిదేళ్ళు నిండాక, ఒక రోజు స్కూల్లో అన్నాల వేళ లాస్య అనే పిల్ల వారపత్రిక తెచ్చి బెంచీ మీద పరిచింది.

"ఒసే, ఇది నువ్వే కదే?"

"మా నాన్నే గీశారు" అంది మైథిలి.

"నువ్వు తారవా, రెండోదానివా?"

ఇంట్లో మైథిలిని నాయనమ్మ పైడమ్మ పిలిచేది అలాగే. పెద్దది పోయింది, రెండోది ఉంది అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అందుకని మైథిలి తడుముకోలేదు.

"నేను రెండోదాన్నే. మొదటిది చచ్చిపోయింది."

ముందు లాస్య లేచింది. తర్వాత బెంచీ అంతా లేచింది. ఇదేదో ఆట అనుకుని మైథిలి వాళ్ళని తరిమింది. వాళ్ళు నిజంగానే ఏడుస్తూ పరిగెత్తారు. వరండా మలుపులో ఒక పిల్ల పడి పెదవి చిట్లింది. ఆ రక్తం చూశాక ఇది ఆట కాదని మైథిలికి తెలిసింది.

సాయంత్రం సన్యాసిరావు కింద దీపం వెలిగే గాజుబల్ల ముందు కూర్చుని, పాత పేజీలోని తార మొహం మీద పల్చటి కాగితం పెట్టి గీత దిద్దుతున్నాడు. మైథిలి వచ్చి పక్కన నిలబడింది.

"నాన్నా, నన్ను 'అది' అనకు."

"ఎవరన్నారమ్మా?"

"నువ్వే. ఇందాక ఫోన్లో. అది ఇంటికొచ్చేసింది అన్నావు అమ్మతో."

"మరేమనాలి?"

"ఆమె అను."

మంచం మీద తమలపాకుకి సున్నం రాస్తున్న పైడమ్మ నవ్వింది. "ఓలమ్మో! ముక్కు సీదుకోడం రాని గుంటని ఆమె అనాలేటి! నన్నే ఇంకా ఎవులూ ఆమె అన్లేదు."

మైథిలి నవ్వలేదు. "అక్క నాలాగే ఉండేదా నానమ్మా?"

"అది నీలాగేటే? నువ్వే దాన్లాగ. దాని సరమం ముక్క ఆ కొండ మీద సల్లపెట్టిలో దాసినారు. అందులోంచి నిన్ను తీసినారు. ఇంకా ఉందంట అక్కడ. ఏటేటా మీ అమ్మా నాన్నా ఎల్లి, ఉంచండి బాబూ అని సెప్పి వత్తన్నారు కాదేటి?"

"అత్తయ్యా!" అంటూ ఇందుమతి వంటింట్లోంచి వచ్చింది. చేతికి పిండి ఉంది.

"ఏటి, లేని మాటన్నానా? ఎన్నాళ్ళు దాసీస్తావు? దానికీ సెవులున్నాయి."

మైథిలి తల్లిని అడగలేదు. తండ్రి వైపే చూసింది. "అక్క ఇంకా ఉందా?"

"అక్క కాదు. అక్క కణాలు" అన్నాడు సన్యాసిరావు. కాగితం మీద ఒక సున్నా చుట్టి, లోపల చుక్క పెట్టాడు. ఈ చుక్కలో మనిషి ఎలా ఉండాలో రాసి ఉంటుందన్నాడు. ఒకే ముగ్గుని రెండు వాకిళ్ళలో వేసినట్టు అన్నాడు. మైథిలి విన్నది.

"చుక్క ఉంటే అక్కని కూడా తియ్యొచ్చు కదా. నన్నెందుకు తీశారు?"

అతను పెన్సిలు కింద పెట్టాడు. తీసింది అక్కనే అనుకున్నామని ఆ పిల్లకి చెప్పడం అతని వల్ల కాలేదు.

*

మర్నాడు హెడ్‌మిస్ట్రెస్ ఇందుమతిని పిలిపించింది. కొందరు తల్లిదండ్రులు తమ పిల్లల్ని వేరే బెంచీలో కూర్చోబెట్టమంటున్నారని చెప్పింది. పాప ఎలా పుట్టిందన్నది తాను అడగబోవడం లేదని కూడా చెప్పింది.

"బెంచీ చాలుతుందా మేడమ్? వేరే గది ఇచ్చేయండి. నల్లబల్ల, టీచరూ కూడా వేరే పెట్టించండి" అంది ఇందుమతి.

"అయ్యో, అలా కాదండీ..."

"ఎలా అయితే అలా చేసుకోండి. రేపూ వస్తుంది, ఎల్లుండీ వస్తుంది."

ఆటో దిగి ఇంట్లోకి రాగానే ఆమె మొగుడితో అంది: "ఆ దరిద్రపు బొమ్మలు ఆపుతావా, ఆపవా?"

"ఆపుతాను. ఆ కొండ మీదున్నది కూడా తీయించేద్దామా?"

ఇందుమతి చెప్పులు విప్పి గోడ వారగా పెట్టింది. "అది వేరు."

"ఏం వేరు?"

"ఉండనీ. ఉంటే నీకేం బరువు? నువ్వు మోస్తున్నావా?"

మధ్యాహ్నం పత్రిక సంపాదకుడు రాజశేఖరం ఫోన్ చేశాడు. సీరియల్ ముగించేద్దామని సన్యాసిరావు చెబితే ఆయన సంతోషించాడు.

"మంచిదండీ. కానీ ముగింపు గట్టిగా ఉండాలి. ఉత్తరాలన్నీ ఒకటే అడుగుతున్నాయి. అది చావాలి."

"చంపకపోతే?"

"చంపకపోతే రెండో భాగం ఎప్పుడంటారు. అంతకంటే చంపడమే సుఖం మీకూ నాకూ."

సన్యాసిరావు చివరి పేజీని పెన్సిలుతో వేసి చూశాడు. చంపే బొమ్మ వేయలేక దారి మార్చాడు. కొండ మీద ఒక పెట్టె. అది పెట్టెలోకి వెళ్ళింది. పెట్టెలోంచి తార బయటికి వచ్చింది. తారని చూసి తల్లి నవ్వింది. ఆ పేజీ అతనికే నచ్చలేదు. చింపకుండా గాజుబల్ల మీదే వదిలేసి సిరా కొనడానికి పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళాడు.

మైథిలి స్కూలు నుంచి వచ్చి ఆ పేజీ చదివింది. చివరి గడిలో తల్లి మొహం దగ్గర ఎక్కువసేపు ఆగింది. తండ్రి ఏ బొమ్మ గీసినా ఎదురుగా ఉన్న మనిషిని చూసే గీస్తాడు. అమ్మ అలా నవ్వగా తను ఎప్పుడూ చూడలేదు. నాన్న చూశాడన్నమాట.

*

మర్నాడు మైథిలి స్కూలు బస్సు ఎక్కలేదు. భీమిలి వెళ్ళే సిటీ బస్సెక్కింది. ఏటా వైద్య పరీక్షలకి కేంద్రానికి తీసుకెళ్ళే దారే కాబట్టి ఎక్కడ దిగాలో తెలుసు. వెనక పెద్దవాళ్ళు వస్తున్నారనుకుని కొండ మీద గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పోనిచ్చాడు. కౌంటర్లో అమ్మాయి ఏం కావాలని అడిగింది.

"మార్చుకోడానికి వచ్చాను" అంది మైథిలి.

డాక్టర్ రేవతీ పట్నాయక్‌కి కబురు అందింది. ఆమె ఇచ్ఛాపురం మనిషి. కేంద్రం మొదలైన నాటి నుంచీ అక్కడే పని. మైథిలిని గర్భంలో పెట్టిందీ, ప్రసవంలో అందుకున్నదీ ఆమె చేతులే. పిల్లని తన గదిలోకి తీసుకెళ్ళి, ఇందుమతికి ఫోన్ చేసి, బిస్కెట్లు ఎదురుగా పెట్టింది.

"ఏం మార్చుకోవాలమ్మా?"

"నన్ను. డ్రెస్సు సరిపోకపోతే షాపులో మార్చిస్తారు కదా. అమ్మకి అక్క కావాలి. నేను పెట్టెలోకి వెళ్తాను, అక్కని ఇచ్చేయండి." పుస్తకాల సంచీ విప్పి చూపించింది. పుస్తకాలు లేవు. ఊలు స్వెట్టర్ ఉంది. "చల్లగా ఉంటుందంట కదా. తెచ్చుకున్నాను."

డాక్టర్ లేచి వెళ్ళి తలుపు వేసింది. వచ్చి మళ్ళీ కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆమెని తల్లిదండ్రులే ప్రశ్నలు అడిగారు. అక్కడ పుట్టిన పిల్లలెవరూ ఏదీ అడగలేదు.

ఆమె కంప్యూటర్ తెర మీద రెండు బొటనవేలి ముద్రలు పక్కపక్కన పెట్టింది. "ఇది అక్కది. ఇది నీది. గీతలు ఎలా తిరిగాయో చూడు."

మైథిలి తెరకి దగ్గరగా జరిగింది. ఒకదానిలో గీతలు సుడి తిరిగాయి. రెండోదానిలో వంపు తిరిగి బయటికి పోయాయి.

"ఒకటి కావు."

"కావు. కడుపులో ఉన్నప్పుడు నువ్వు అటూ ఇటూ కదిలితే ఏర్పడిన గీతలివి. అక్క కదిలినట్టు నువ్వు కదల్లేదు. మొహం వరకే ఒకటి."

"మొహం చాలు కదా. అమ్మ రోజూ చూసేది మొహమే."

డాక్టర్ బిస్కెట్లు పిల్ల దగ్గరికి జరుపుతూ ఉండగా తలుపు తోసుకుని ఇందుమతి వచ్చింది. వెనకే సన్యాసిరావు. ఇందుమతి కళ్ళు ముందు పిల్ల మీద, తర్వాత ఒళ్ళో ఉన్న స్వెట్టర్ మీద పడ్డాయి.

"ఎందుకు వచ్చిందండీ ఇక్కడికి?"

డాక్టర్ చెప్పింది. మైథిలి అన్న మాటలు అన్నట్టే చెప్పింది.

"తీయించేయండి డాక్టర్ గారూ. మిగిలిన కణాలున్న ఆ గొట్టం తీయించేయండి. ఇవాళే" అన్నాడు సన్యాసిరావు.

"ఇద్దరూ ఒప్పుకోవాలండీ. తల్లీ తండ్రీ, ఇద్దరి వేలిముద్రలూ పడాలి."

"నేను ఒప్పుకోను" అంది ఇందుమతి. "ఒకసారి నా కళ్ళ ముందే పోయింది. ఇప్పుడు నా చేత్తో పంపమంటారా?"

"అందులో పాప లేదే, ఇందూ."

"నీకు లేదు. నువ్వు కాగితం మీద గీసుకున్నావు. వారం వారం దాన్ని చూసుకున్నావు. నాకేముంది? ఆ గొట్టమేగా నాకున్నది?"

భార్య చెప్పింది నిజమని సన్యాసిరావుకి అప్పుడు తోచింది. తారని బతికించుకోవడానికి పక్కనున్న పిల్లకి పేరు లేకుండా చేసింది తనే.

మైథిలి కుర్చీ దిగింది. "నాకేమన్నా అయితే, అందులోంచి ఇంకోదాన్ని తీస్తారా?"

"లేదమ్మా" అన్నాడు సన్యాసిరావు.

"నిన్ను కాదు నాన్నా. అమ్మా, నువ్వు చెప్పు."

ఇందుమతి పమిట కొస వేలికి చుట్టింది, విప్పింది. ఈ ప్రశ్న తనకి తాను వేసుకోనందుకే ఆమె తొమ్మిదేళ్ళు నిద్రపోగలిగింది. మైథిలికి జ్వరం వచ్చినప్పుడల్లా మందు పట్టి, తడిగుడ్డ వేసి, భయం పైకి రాబోయే సమయానికి కొండ మీద ఇంకా ఉందని తలుచుకునేది. భయం దిగేది. జ్వరం కంటే ముందే దిగేది.

"తీసేదాన్ని" అంది.

మైథిలి తల ఊపింది. ఏడవలేదు. లెక్క సరిపోయిందని టీచర్ చెబితే ఊపినట్టు ఊపింది. స్వెట్టర్ మడిచి సంచీలో పెట్టబోయింది. మడత కుదరలేదు. మళ్ళీ మడిచింది. ఆ చేతుల్ని ఇందుమతి చూస్తూ ఉంది. వైదేహికి బట్టలు మడవడం రాదు. ఉండ చుట్టి పడేసేది.

"డాక్టర్ గారూ" అంది ఇందుమతి. "దాన్ని బయటికి తెప్పించండి."

"దేన్నండీ?"

ఇందుమతి నోరు తెరిచింది. అది అనే మాటకి ఆ గదిలో ఇద్దరు పలుకుతారు. "వైదేహిని" అంది.

*

వేలిముద్రలు తీసుకున్నాక సిబ్బందిలో ఒకతను స్టీలు పాత్ర తెచ్చాడు. మూత తీస్తే తెల్లటి ఆవిరి అంచులు దాటి బల్ల మీద పాకింది. పట్టకారుతో గొట్టాన్ని తీసి స్టాండులో నిలబెట్టాడు. చిటికెనవేలంత ఉంది. చుట్టూ మంచు పట్టింది.

"ఇలా బయట ఉంచేస్తే కరిగిపోతుంది. కాసేపటికి కణాలు చచ్చిపోతాయి. తర్వాత మళ్ళీ గడ్డ కట్టించినా లాభం లేదు" అని డాక్టర్ చెప్పింది. "ఇప్పుడు కావాలంటే వెనక్కి పెట్టొచ్చు. ఇంకాసేపైతే కుదరదు."

ఎవరూ పెట్టమనలేదు.

"తనకి నొప్పి పెడుతుందా?" మైథిలి అడిగింది.

"పెట్టదమ్మా."

"ముట్టుకోవచ్చా?" అంది ఇందుమతి.

"ఇప్పుడే వద్దు. చెయ్యి బొబ్బలెక్కుతుంది."

సన్యాసిరావు ఫోన్ మోగింది. తెర మీద రాజశేఖరం పేరు. అతను ఫోన్ ఆపేశాడు. "ఆ బొమ్మలు ఈ వారంతో మానేస్తానమ్మా" అన్నాడు మైథిలితో.

"మానకు నాన్నా. చివర్న ఏమైందో తెలీకపోతే లాస్య వాళ్ళు ఇంకా భయపడతారు. రెండోదానికి పేరు పెట్టు."

"ఏం పేరు?"

"నాకేం తెలుసు? నువ్వు తండ్రివి కదా."

మంచు పొర గొట్టం మీంచి జారింది. నీటి బొట్లు స్టాండు కిందకి దిగాయి. డాక్టర్ వేలితో తాకి చూసి ఇందుమతి వైపు తల ఊపింది. ఇందుమతి గొట్టాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని గుప్పిట మూసింది. మైథిలి వచ్చి తన చెయ్యి ఆ గుప్పిట మీద వేసింది. లోపలి చల్లదనం తగ్గి, చేతి వేడితో సమానమయ్యే దాకా ఆ ఇద్దరూ అలాగే నిలబడ్డారు. తర్వాత ఇందుమతి గొట్టాన్ని డాక్టర్‌కి ఇచ్చేసింది.

కొండ దిగేటప్పుడు సన్యాసిరావు ముందు నడిచాడు. ఇందుమతి చెయ్యి పట్టుకుంటే మైథిలి వెనక నడిచింది. వైజాగ్ వెళ్ళే బస్సు రోడ్డుకి అవతలి వైపు ఆగుతుంది. సన్యాసిరావు దాటి వెళ్ళి బస్‌స్టాపులో నిలబడ్డాడు. తల్లీ కూతుళ్ళు ఇవతల ఉండిపోయారు. కంకర లారీలు పోతున్నాయి.

"చెప్పకుండా బస్సెక్కుతావా?" అంది ఇందుమతి. ఆమె గొంతు పెరిగింది. ఇన్నేళ్ళలో ఆ పిల్లని ఆమె తిట్టడం అదే మొదలు. "ఎవరు నేర్పారే నీకు? ఇంత ట్రాఫిక్‌లో! ఏ లారీ కింద పడినా నాకు..." మాట అక్కడ ఆగింది. కొండ మీద ఇంకా ఉందని ఆ వాక్యాన్ని ముగించుకోవడం ఇంతకుముందు ఆమెకి తెలుసు. ఇప్పుడు ఆ మాట లేదు.

మైథిలి వేళ్ళు మెలిపెట్టింది. "అమ్మా, చెయ్యి నొప్పెడుతోంది."

"పెట్టనీ."

"ఎర్రగా అయిపోయింది చూడు."

"కానీ."

లారీ వెళ్ళిపోయింది. దాని వెనక ఒక ఆటో, ఒక స్కూటర్ వెళ్ళాయి. అవతలి నుంచి సన్యాసిరావు రమ్మని చెయ్యి ఊపాడు. ఇందుమతి కుడివైపు చూసింది. ఎడమవైపు చూసింది. మళ్ళీ కుడివైపు చూసింది. ఎటు చూసినా రోడ్డు మీద ఏమీ లేదు. ఆమె కదల్లేదు.